హిమోగ్లోబిన్ ఎంతో చెప్పారు, ఎందుకు తగ్గిందో అడగలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పుటలో ఇటీవల ఒక పాఠకురాలు తన హిమోగ్లోబిన్ 9.4 గ్రాములే ఉందని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఏం చేయాలని అడిగారు. మూడు నెలల పాటు ఐరన్ మాత్రలు వాడమని ఆమెకు సమాధానం అచ్చయింది. ఆ సమాధానం తప్పని నేను అనను. ప్రపంచం మొత్తం మీద చూస్తే రక్తహీనతకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఐరన్ లోపమే కనుక, కళ్లు మూసుకుని చెప్పినా ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. నా అభ్యంతరం అది కాదు. సి.బి.పి. (రక్తకణాల లెక్కలన్నీ చూపే మామూలు రక్తపరీక్ష) రిపోర్టులో హిమోగ్లోబిన్ ఒక్కటే ఉండదు, దాని కింద మరో పది పదిహేను వరుసలు ఉంటాయి. సమాధానం ఇచ్చినవారు వాటిలో ఒక్క వరుసనైనా అడగలేదు. పాతికేళ్లకు పైగా పాథాలజీ ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని కనుక, ఆ అడగకపోవడం వల్ల జరిగే నష్టం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉత్తరం కాస్త పొడుగైనందుకు మన్నించి, వీలైతే పూర్తిగా ప్రచురించండి.

రక్తహీనత అన్నది జ్వరం వంటి లక్షణమే తప్ప రోగం పేరు కాదు. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషులలో 13 గ్రాములకు, గర్భం లేని స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులకు మొదటి, చివరి మూడు నెలల్లో 11 గ్రాములు, మధ్య మూడు నెలల్లో 10.5 గ్రాములు హద్దు. ఈ హద్దులు రక్తం తగ్గిందా లేదా అన్నంతవరకే చెబుతాయి. ఎందుకు తగ్గిందన్నది వేరే ప్రశ్న. కణాల తయారీకి ముడిసరుకు చాలకపోవచ్చు. ముడిసరుకు ఒంట్లో నిల్వ ఉన్నా వాడుకునే వీలు లేకపోవచ్చు. కణాలు పుట్టే చోటైన ఎముక మజ్జే దెబ్బతిని ఉండవచ్చు. పుట్టిన కణాలు తమ 120 రోజుల ఆయుష్షు తీరకుండానే పగిలిపోతూ ఉండవచ్చు. లేదా లోపల ఎక్కడో రక్తం కారిపోతూ ఉండవచ్చు. ఇన్ని దారులలో ఐరన్ మాత్రతో పని జరిగేవి ఒకటో రెండో మాత్రమే, ఆ ఒకటి రెండింటిలో కూడా మాత్ర ఇచ్చి ఊరుకుంటే చాలదు.

ఏ దారిలో తగ్గిందో ఊహించడానికి మొదటి ఆధారం ఆ రిపోర్టులోనే ఉంటుంది. ఎర్ర రక్తకణం సగటు పరిమాణాన్ని చెప్పే అంకెను ఎం.సి.వి. అంటారు. ఈ లెక్కను 1930ల తొలినాళ్లలో మాక్స్‌వెల్ విన్‌ట్రోబ్ అనే వైద్యుడు ప్రవేశపెట్టారు, రక్తహీనతలను కణాల సైజును బట్టి విడదీయవచ్చని చూపింది ఆయనే. పెద్దవారిలో ఇది 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉండాలి. తక్కువైతే ఐరన్ లోపం, తలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపం, దీర్ఘకాలిక వ్యాధులు గుర్తుకు రావాలి. ఎక్కువైతే బి12, ఫోలిక్ యాసిడ్ లోపాలు, కాలేయ వ్యాధి, మద్యం, థైరాయిడ్ మాంద్యం, కొన్ని రకాల మందులు, ఎముక మజ్జ జబ్బులు గుర్తుకు రావాలి. మామూలుగానే ఉంటే మూత్రపిండాల వైఫల్యం, అప్పటికప్పుడు జరిగిన రక్తస్రావం, కణాలు పగిలిపోవడం వంటివి ఆలోచించాలి. దీని తర్వాత చూడవలసినవి ఎర్రకణాల సంఖ్య, కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే ఆర్.డి.డబ్ల్యు. అనే అంకె. రక్తకణాలను లెక్కించే యంత్రం ఈ అంకెలన్నీ ఒకే నమూనా నుంచి, ఒకే నిమిషంలో ఇస్తుంది. రోగి వాటికోసం విడిగా రక్తం ఇవ్వనక్కరలేదు, అదనంగా డబ్బు కట్టనక్కరలేదు. అయినా చదివేవారు లేరు.

ఒక యువతి సంగతి చెబుతాను. హిమోగ్లోబిన్ 10.6. కాలేజీ రోజుల నుంచి ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది, ఏడాదికోసారి పరీక్ష చేయిస్తే ఎప్పుడూ అదే పదిన్నర. మాత్ర పడడం లేదని బ్రాండు మార్చారు, తర్వాత నరానికి ఐరన్ ఇంజెక్షన్లు ఎక్కించారు. ఆమె నా దగ్గరికి తెచ్చిన ఫైల్లో పాత రిపోర్టులు ఏడు ఉన్నాయి. ప్రతి దానిలో హిమోగ్లోబిన్ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది, మిగతా కాగితం ముట్టుకోనట్టే ఉంది. ఏడింటిలోనూ ఎర్రకణాల సంఖ్య 5.7 మిలియన్ల దరిదాపుల్లో, అంటే 57 లక్షల దగ్గర, ఎం.సి.వి. 61 దగ్గర ఉన్నాయి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న మనిషికి ఎర్రకణాలు మామూలుకన్నా ఎక్కువ ఉండడమేమిటని ఒక్కసారి ఎవరికైనా అనుమానం వచ్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఐరన్ లోపంలో ముడిసరుకే లేదు కనుక కణాలు చిన్నవవుతాయి, సంఖ్యా తగ్గుతుంది. తలసీమియా లక్షణం (ట్రెయిట్), అంటే జబ్బు లేకుండా ఆ జన్యు లోపాన్ని మాత్రమే, మోస్తున్నవారిలో ముడిసరుకుకు కొదవ ఉండదు, హిమోగ్లోబిన్‌లోని ప్రొటీన్ భాగమైన గ్లోబిన్ గొలుసు తయారీలో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. అందువల్ల మజ్జ చిన్న చిన్న కణాలను పెద్ద సంఖ్యలో పంపుతూ లోటు పూడ్చుకుంటుంది. ఎం.సి.వి.ని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వచ్చినప్పుడు తలసీమియా వైపు, ఎక్కువ వచ్చినప్పుడు ఐరన్ లోపం వైపు మొగ్గు చూపవచ్చని 1973లో విలియం మెంట్జర్ అనే వైద్యుడు సూచించారు. ఈ అమ్మాయి విషయంలో 61ని 5.7తో భాగిస్తే 10.7 వస్తుంది. ఎం.సి.వి. 68, కణాల సంఖ్య 3.9 మిలియన్లు ఉన్న మరో రోగి విషయంలో అదే భాగహారం 17 దాటుతుంది. చేతిలో ఫోన్ ఉన్న ఎవరైనా చేయగల లెక్క ఇది.

ఇది తీర్పు కాదు, అనుమానం మాత్రమే. తీర్పుకు హెచ్.పి.ఎల్.సి. పద్ధతిలో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూడాలి. ఆమెకు హిమోగ్లోబిన్ ఎ2 శాతం 5.4 ఉంది. మామూలుగా 3.5 లోపు ఉండాలి. ఐరన్ నిల్వలను చెప్పే ఫెరిటిన్ నిండుగా ఉంది. ఆమెకున్నది బీటా తలసీమియా లక్షణం, జబ్బు కాదు, చికిత్స అక్కరలేదు. ఇన్నేళ్లు మింగిన మాత్రలు అవసరం లేనివి. అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. ఆమెకు కాబోయే భర్తకు కూడా అదే లక్షణం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డ జీవితమంతా రక్తం ఎక్కించుకుంటూ బతకవలసి రావచ్చు. అతనికి కూడా పరీక్ష చేయించమని ముందుగా చెప్పగల రిపోర్టులు ఏడు సంవత్సరాలుగా ఆమె బీరువాలోనే పడి ఉన్నాయి.

ఈ పరీక్షకూ మెలికలున్నాయని దాచను. తలసీమియా లక్షణంతో పాటు తీవ్రమైన ఐరన్ లోపం కూడా ఉంటే ఎ2 శాతం పడిపోయి రిపోర్టు మామూలుగా కనిపించవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉన్నప్పుడు ఐరన్ లోపాన్ని సరిచేసి మళ్లీ చూడాలి. ఆల్ఫా తలసీమియా లక్షణం ఈ పరీక్షలో సాధారణంగా దొరకదు, దానికి జన్యు పరీక్షే దిక్కు.

ఇక ఫెరిటిన్. ఐరన్ నిల్వలను చెప్పడంలో దీనికి సాటి వచ్చే రక్తపరీక్ష లేదు. అది తక్కువగా ఉంటే ఐరన్ లోపమని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తగ్గితే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది, చాలామంది వైద్యులు 30 దగ్గరే జాగ్రత్త పడతారు. చిక్కంతా ఫెరిటిన్ మామూలుగా ఉన్నప్పుడే. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, కీళ్లవాతం, కాలేయ వ్యాధి, క్యాన్సర్ వంటివి ఉంటే నిల్వలతో సంబంధం లేకుండా ఫెరిటిన్ పైకి లేస్తుంది. నిల్వలు అడుగంటిన మనిషికి కూడా రిపోర్టులో 50, 60 కనిపించి, ఐరన్ బాగానే ఉందన్న భ్రమ కలిగిస్తుంది. అందుకే ఇలాంటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్న పెద్దవారిలో ఆ గీతను 70 దగ్గరికి జరపాలని అదే సంస్థ చెప్పింది. పక్కనే వాపును పట్టిచ్చే సి.ఆర్.పి. పరీక్ష చేయిస్తే ఈ మాయ చాలావరకు తెలిసిపోతుంది.

దీర్ఘకాలిక వ్యాధుల వల్ల వచ్చే రక్తహీనతలో ఐరన్ లేక కాదు, ఉన్నది బయటికి రాక కణాలు తయారు కావు. వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది, అది పేగు నుంచి ఐరన్ రక్తంలోకి రాకుండా, నిల్వ కణాల నుంచి బయటపడకుండా తలుపులు మూస్తుంది. అప్పుడు సీరం ఐరన్, అంటే రక్తద్రవంలో తిరిగే ఐరన్, తక్కువగా కనిపిస్తుంది. ఐరన్ లోపంలోనూ అది తక్కువగానే కనిపిస్తుంది. ఆ ఒక్క పరీక్షతో ఈ రెండింటినీ విడదీయలేము. పైగా సీరం ఐరన్ ఒకే రోజులో ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది, మాత్ర వేసుకున్న కొన్ని గంటలకే ఎగబాకుతుంది. ఇంత నిలకడ లేని పరీక్షను ఒంటరిగా రాయడం ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు. దానితో పాటు రక్తం ఎంత ఐరన్‌ను మోయగలదో చెప్పే టి.ఐ.బి.సి. చూడాలి. ఐరన్ లోపంలో అది పెరుగుతుంది, దీర్ఘకాలిక వ్యాధిలో తగ్గుతుంది లేదా మామూలుగా ఉంటుంది.

ఐరన్ లోపమే అని తేలిందనుకుందాం. పని సగమే అయింది. నెలసరిలో ఎక్కువ రక్తం పోయే స్త్రీలోనో, గర్భిణిలోనో కారణం కళ్ల ముందే ఉండవచ్చు. నెలసరి ఆగిపోయిన స్త్రీకి, ఏ వయసు పురుషుడికైనా ఐరన్ లోపం వచ్చిందంటే జీర్ణాశయంలోనో పెద్దపేగులోనో రక్తం కారుతోందేమో చూడకుండా మాత్రలిచ్చి పంపకూడదు. పెద్దపేగు క్యాన్సర్, ముఖ్యంగా కుడివైపు వచ్చేది, చాలాకాలం నొప్పి లేకుండా రక్తహీనతగా మాత్రమే బయటపడవచ్చు. మాత్రలతో హిమోగ్లోబిన్ తాత్కాలికంగా పెరిగితే ఆ ఒక్క హెచ్చరిక కూడా చెరిగిపోతుంది.

కణాలు పెద్దవైన రక్తహీనతలో జరిగే పొరపాటు దీనికంటే బాధాకరం, ఎందుకంటే అక్కడ పోయేది నరాలు. అరవై దాటిన ఒక పెద్దాయనకు హిమోగ్లోబిన్ 8.1, ఎం.సి.వి. 112 ఉంటే, బి12 చూడకుండా 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే రాశారు. కొన్ని నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది, అందరూ సంతోషించారు. ఈలోగా ఆయనకు అరికాళ్లు మొద్దుబారాయి. నేల మీద నడుస్తుంటే దూది మీద నడుస్తున్నట్టు ఉందన్నారు. పొద్దున్నే వాష్‌బేసిన్ దగ్గర ముఖానికి నీళ్లు కొట్టుకోవడానికి కళ్లు మూసుకోగానే ముందుకు తూలి గోడ పట్టుకుంటున్నారని ఆయన భార్య చెప్పారు. కళ్లు తెరిచి ఉన్నంతసేపు చూపు సాయంతో నిలబడుతున్న మనిషి, చూపు మూయగానే తూలుతున్నాడంటే వెన్నుపాము వెనుక భాగం దెబ్బతిన్నదని అర్థం. అప్పుడు చేయిస్తే బి12 మిల్లీలీటరుకు 150 పికోగ్రాముల లోపే ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రక్తం పూర్తిగా కోలుకుంది, కాళ్లు కొంతవరకే కోలుకున్నాయి.

వైద్యలోకానికి ఇది కొత్త సంగతి కాదు. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దాన్ని తగ్గించే పదార్థమేదో ఉందని ప్రకటించారు. ఆ పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1945లో యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని అమెరికా లెడర్లీ ప్రయోగశాల బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ వెంటనే, బి12 ఒంటికి పట్టక వచ్చే పెర్నీషియస్ అనీమియా రోగులకు ఇచ్చి చూస్తే రక్తం బాగుపడింది, నరాల జబ్బు మాత్రం ఆగకుండా ముదిరింది. 1948లో బి12ను వేరుచేసిన తర్వాతే ఆ తేడాకు కారణం స్పష్టమైంది. అంటే బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వకూడదన్నది దాదాపు ఎనభై ఏళ్ల నాటి పాఠం.

మైక్రోస్కోపు కింద బి12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపించిన రక్తం చూడగానే తెలుస్తుంది. ఎర్రకణాలు పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణంలో మామూలుగా మూడు నాలుగు తమ్మెలుండే కేంద్రకం ఐదారు ముక్కలుగా, పూసలు గుచ్చినట్టు కనిపిస్తుంది. బి12 అంకె 200, 300 మధ్య ఊగిసలాడుతుంటే మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష సాయం తీసుకోవాలి. బి12 లోపంలో అది పెరుగుతుంది, ఫోలిక్ యాసిడ్ లోపంలో పెరగదు. హోమోసిస్టీన్ అనే మరో పదార్థం రెండింటిలోనూ పెరుగుతుంది కనుక విడదీయడానికి అది పనికిరాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఈ రెండూ పెరుగుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహులు, ఎసిడిటీకి రోజూ మాత్ర వేసుకునేవారు, జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవారు ఈ లోపానికి దగ్గరగా ఉంటారు. వారిలో రక్తహీనత లేకుండానే నరాల లక్షణాలు మొదలవవచ్చు.

ఒక సందర్భంలో ఎం.సి.వి. కూడా మోసం చేస్తుంది. ఐరన్, బి12 రెండూ లోపించిన మనిషిలో కొన్ని కణాలు చిన్నవి, కొన్ని పెద్దవి అవుతాయి, సగటు తీస్తే 88 వంటి చక్కటి అంకె వస్తుంది. సగటుకు ఉన్న దౌర్బల్యమే అది. అప్పుడు 20 దాటిన ఆర్.డి.డబ్ల్యు. మాత్రమే ఏదో తేడా ఉందని చెబుతుంది, స్లైడు (గాజు పలకపై పరిచిన రక్తపు చుక్క) చూస్తే రెండు రకాల కణాలూ పక్కపక్కనే దొరుకుతాయి. యంత్రాలు వచ్చాక స్లైడు చూడటం మొక్కుబడి అయిపోయిందన్నది మా వృత్తివారి మీద నాకున్న ఫిర్యాదు. వైద్యుడు పెరిఫెరల్ స్మియర్ అని, అంటే ఈ స్లైడు పరీక్షే, రాస్తే, చూసినవారు కణాల ఆకారాల గురించి నాలుగు వాక్యాలు రాయాలి. ‘మైక్రోసైటిక్ హైపోక్రోమిక్’ (కణాలు చిన్నవి, రంగు తక్కువ) అని రెండు మాటలు టైపు చేసి పంపితే, అవి యంత్రం ఇచ్చిన అంకెలకు తర్జుమా అవుతాయి తప్ప పరీక్ష అనిపించుకోవు.

రెటిక్యులోసైట్ కౌంట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంత చవకైన, ఇంత ఉపయోగకరమైన పరీక్షను ఇంత తక్కువగా అడగడం నేను మరెక్కడా చూడలేదు. మజ్జ నుంచి కొత్తగా బయటికొచ్చిన కణాలను లెక్కపెట్టే పరీక్ష అది. రక్తం తగ్గినప్పుడు ఆరోగ్యమైన మజ్జ ఉత్పత్తి పెంచాలి. ఈ కౌంట్ పెరిగిందంటే మజ్జ బాగానే ఉంది, రక్తం కారిపోతోందనో, కణాలు పగిలిపోతున్నాయనో అనుకోవాలి. పెరగలేదంటే లోపం తయారీలోనే ఉంది. కణాలు పగిలిపోతున్నాయన్న అనుమానానికి రక్తంలో ఎల్.డి.హెచ్. అనే ఎంజైము, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరగడం, హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ పడిపోవడం బలమిస్తాయి. శరీరమే తన కణాల మీద యాంటీబాడీలు తయారు చేసుకుంటోందా అన్నది 1945 నుంచి వాడుకలో ఉన్న కూంబ్స్ పరీక్ష చెబుతుంది. ఎర్రకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైము లోపాన్ని మాత్రం కణాలు పగిలిన ఆ వారంలోనే చూస్తే ఫలితం మామూలుగా రావచ్చు. ఎంజైము తక్కువున్న ముసలి కణాలు అప్పటికే నశించి, ఎంజైము ఎక్కువుండే పిల్ల కణాలే మిగిలి ఉంటాయి కనుక కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి.

మరొక పొరపాటు ఆసుపత్రుల్లో తరచుగా జరుగుతుంది. హిమోగ్లోబిన్ 5 ఉన్న రోగి వస్తే ఆదుర్దాలో రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, మర్నాడు కారణం తెలుసుకోవడానికి నమూనాలు పంపుతారు. అప్పటికి ఆ గొట్టంలో ఉన్నది రోగి రక్తం ఒక్కటే కాదు, దాత రక్తం కూడా కలిసి ఉంటుంది. ఎ2 శాతం, స్లైడు, జి6పిడి, ఎం.సి.వి. ఏదీ నమ్మడానికి వీల్లేదు. హెచ్.పి.ఎల్.సి. కోసం మూడు నెలలు ఆగమని మేము రాయవలసి వస్తుంది. రక్తం ఎక్కించడానికి ఎలాగూ దాత రక్తం సరిపడుతుందో చూసే క్రాస్ మ్యాచ్ కోసం సూది గుచ్చుతారు. అదే సూదితో మరో రెండు గొట్టాలు నింపి పక్కన పెడితే సరిపోతుంది.

ఈ ఉత్తరం చదివినవారు ప్రతి రక్తహీనతకూ ఇన్ని పరీక్షలూ చేయించాలని నేను చెబుతున్నట్టు అనుకోకూడదు. డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీలు కూడా ఇదే తప్పుకు మరో ముఖం, అందులో ప్రశ్న ఉండదు, అంకెలు మాత్రం గుట్టలుగా ఉంటాయి. ముందు సి.బి.పి.ని పైనుంచి కింది దాకా చదవడం, స్లైడు, రెటిక్ కౌంట్ చూడడం, అవి ఏ వైపు చూపిస్తే ఆ వైపు ఒకటి రెండు పరీక్షలు రాయడం సరిపోతుంది. పరీక్షల సదుపాయం లేని చోట ఐరన్ మాత్రలతోనే మొదలుపెట్టినా తప్పులేదు, కానీ మూడు నాలుగు వారాలకు మళ్లీ హిమోగ్లోబిన్ చూడాలి. మాత్రలు సరిగా వేసుకుంటూ, లోపం నిజంగా ఐరన్‌దే అయితే ఆ గడువులో ఒకటి రెండు గ్రాములు పెరగాలి. పెరిగితే నిల్వలు నిండేదాకా మరో మూడు నెలలు కొనసాగించాలి. పెరగకపోతే బ్రాండు మార్చే ముందు రోగ నిర్ధారణను అనుమానించాలి.

మీ ఆరోగ్య పుటకు నా మనవి ఒక్కటే. ఈసారి ఎవరైనా హిమోగ్లోబిన్ ఎంతో రాసి సలహా అడిగితే, సమాధానం అచ్చువేసే ముందు వారి ఎం.సి.వి., ఎర్రకణాల సంఖ్య, ఆర్.డి.డబ్ల్యు. కూడా రాసి పంపమని అడగండి. ఆ 9.4 గ్రాముల పాఠకురాలి రిపోర్టు ఇంకా మీ దగ్గర ఉంటే, ఆమెతోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు
ఒక పాథాలజిస్టు